పక్కనుండే వాళ్ళకు సెప్పి పో

పోయిన నెల కుప్పంలో ఒక పెళ్ళి ఆల్బం అప్పజెప్పి, తిరిగి మదనపల్లె రావడానికి బస్టాండులో కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె చేతిలో కొత్త ఫోను ఉంది, ముఖంలో ఏడుపు ఒక్కటే తక్కువ. కూతురు పంపిన ఫోటోలు ఎక్కడికి పోయాయో కనబడడం లేదట. పక్కామె వెతికిపెడుతుందని ఫోను ఆమె ముందుకు చాపింది. ఆమె తీసుకోలేదు. లేచి నిలబడి చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"నేను ముట్టుకోనమ్మా. నువ్వే నొక్కు. తప్పు నొక్కితే ఏమీ కాలిపోదు, సూస్తాం."

నేను సర్దుకుని కూర్చున్నాను. ఆ మాట నాకు తెలుసు. ఆ చేతులు కట్టుకోవడం నాకు తెలుసు. తర్వాత ఏం రాబోతుందో కూడా తెలుసు కాబట్టి చెవులు అటే పెట్టాను. కాసేపటికి ఫోటోలు దొరికాయి. మొదటామె తృప్తిగా ఫోను సంచిలో వేసుకోబోయింది. రెండో ఆమె ఒప్పుకోలేదు.

"అట్ల కాదు. ఇప్పుడు నేను ఏమీ తెలీనిదాన్ని అనుకో. నాకు నువ్వు సెప్పు."

ఇక ఉండబట్టలేక, ఈ పద్ధతి నీకు ఎవరు నేర్పించినారమ్మా అని అడిగాను.

"శాంతిపురంలో మా వదినప్పా."

"ఆమెకెవరు నేర్పించినారు?"

"ఏమో తెల్దప్పా. ఎవరో మదనపల్లె ఆస్పత్రి సిస్టరమ్మంట."

మా సిస్టరమ్మ శాంతిపురం ఎప్పుడూ పోలేదు. ఆమె చనిపోయి కూడా రెండేళ్ళు దాటింది. బస్సు వచ్చింది, ఎక్కాను, పలమనేరు దాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్క సీటాయన ఎందుకైనా మంచిదని కిటికీ వైపు జరిగాడు.

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వీధిలో నాకొక షాపు ఉండేది. పెళ్ళి వీడియోలు తీయడం, కత్తిరించడం, అతికించడం నా పని. వెనక గదిలో కంప్యూటరు, నేను. ముందు గదిలో జనం. జనమంటే నాకు చెడ్డ విసుగు. పెన్ డ్రైవులో ఎన్ని పాటలు పడతాయన్నా అని అడుగుతారు. పాట సైజును బట్టి ఉంటుందంటాను. పాటకు సైజేందన్నా అంటారు. అంతటితో నా ఓపిక అయిపోయేది. చేతిలోది లాక్కుని, టకటకా నొక్కి, అయిపోయింది పో అని పంపేసేవాణ్ణి. వాళ్ళు వారం తిరగకముందే అదే పనికి మళ్ళీ వచ్చేవాళ్ళు. మళ్ళీ తిట్టుకునేవాణ్ణి.

సిస్టరమ్మ మొదట వచ్చింది నా దగ్గర నేర్చుకోవడానికే. ఆసుపత్రి వార్డులో నర్సుగా జీవితమంతా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా, కుదురుగా ఉండేది. రిటైరైనా రొమ్ము మీద పిన్నుతో తగిలించుకునే నర్సుల గడియారం మాత్రం తీయలేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఇదిగో ఇట్లా అని నేను మౌసు పట్టుకున్నాను. చేతి మీద చిన్న దెబ్బ పడింది.

"చెయ్యి తీయప్పా. సూది నువ్వు ఏస్తాంటే నాకు ఎట్ల వస్తాది?"

నన్ను కొట్టిన కస్టమరు ఆమె ఒక్కతే. ఆ పూట నా చేత చేతులు వెనక్కి కట్టించింది. మూడు నెలల్లో నా దగ్గర ఉన్నదంతా నేర్చేసుకుని, ముందు గది నాకు ఇవ్వప్పా, ఆ జనాన్ని నేను సూసుకుంటా అంది. నేను సంబరపడి ఇచ్చేశాను. పీడ వదిలిందనుకున్నాను.

ముందు గదిలో ఆమె వేసిన సామాను రెండు కంప్యూటర్లు, ఒక పొడవాటి చెక్క బెంచీ. ఆ బెంచీకి ఒక చట్టం. పని అయినవాళ్ళు లేచి వెళ్ళిపోకూడదు. ఇప్పుడు నేర్చుకున్నది పక్కన కూర్చున్న మనిషికి చెప్పి, ఆ మనిషి చేసి చూపించాకే లేవాలి. "పక్కనుండే వాళ్ళకు సెప్పి పో" అనేది. ఇది కంప్యూటరు కోసం పుట్టిన పద్ధతి కాదు, వార్డు నుంచి తెచ్చుకున్నది. డిశ్చార్జి రోజు మందుల చీటీ ఇచ్చి, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో పేషెంటు నోటితో చెప్పించేదట.

"అర్థమైందా అని మాత్రం అడగగూడదప్పా. అడిగితే అందరూ తలకాయ ఊపుతారు. ఊపి ఇంటికి పోయి రెండు మాత్రలూ ఒకేసారి మింగుతారు" అని నాకొకసారి చెప్పింది.

కాబట్టి మా షాపులో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి పాఠం చెబుతుండేవాళ్ళు. పెద్దమండ్యం నుంచి వచ్చిన వేరుశనగ రైతు పాస్టరుగారి భార్యకు ఫోల్డరంటే ఏమిటో చెప్పేవాడు. పాస్టరుగారి భార్య గంగవరం పాలాయనకు, ఫోటో చెరిపితే ముందు చెత్తబుట్టలోకి పోతుందని, అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవచ్చని చెప్పేది. పాలాయన అనుమానం మనిషి. ఆమె చేతే మూడు సార్లు చెరిపించి, మూడు సార్లు వెనక్కి తెప్పించాడు. నేను వెనక గదిలో పెళ్ళికూతురు తల మీద అక్షింతలు పడే చోట కత్తిరించుకుంటూ, పని మాని వాళ్ళ మాటలే వినేవాణ్ణి. నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆమె పోలికలు చెప్పేది కాదు. మొదట్లో చెప్పేది. ఒక టమాటా మండీ ఆయనకు మెమరీ కార్డు గురించి చెబుతూ, నీ టమాటా బాక్సు ఉండాది గదా, అట్లాంటిదే అంది. ఆయన బాగా ఆలోచించి తల ఊపాడు. నెలకు మళ్ళీ వచ్చాడు. కార్డులో పాటలు సగానికి సగం లేవు.

"యాల తీసేసినావు?" అని అడిగింది.

"పైన కొత్తవి పడతాంటే అడుగున ఉండేవి నలిగిపోతాయి కదా సిస్టరమ్మా. వారం వారం కింద ఉండేవి తీసేస్తాండా."

నేను వెనక గదిలో కుర్చీలోంచి పడబోయాను. సిస్టరమ్మ నవ్వలేదు. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది. "తప్పు నాదేప్పా. పోలిక సెప్తే జనం పోలికనే ఇంటికి ఎత్తుకోని పోతారు" అంది. ఆనాటి నుంచి పోలిక లేదు. పాట కాపీ చేయించేది, ఒక చోట చెరిపించేది, ఇంకో చోట ఉందో లేదో ఆ మనిషినే చూడమనేది. కళ్ళతో చూసిందే చదువు. పెన్ డ్రైవు ఇచ్చేటప్పుడు కూడా అంతే. ఎక్కించిన కంప్యూటరులో కాదు, పక్క కంప్యూటరులో పెట్టి తెరిచి చూపించాకే ఇచ్చేది.

తెలియనిది తెలియదని చెప్పడంలో ఆమెకు ఏ సిగ్గూ లేదు. ఫోటోలు పైన ఎక్కడో దాచిపెడతారంట, ఎక్కడ సిస్టరమ్మా అని ఒక ముసలాయన అడిగాడు. "వేరే ఊర్లో ఎవరిదో పెద్ద కంప్యూటర్లో పెడతారు తాతా. ఏ ఊరో నాకూ తెల్దు. నీ తాళం మాత్రం నువ్వు మర్సిపోవద్దు" అంది. నేనైతే పది ఇంగ్లీషు మాటలు చెప్పి ముసలాయన నోరు మూయించేవాణ్ణి. ఆమె మాటకు ఆయన తేలిగ్గా నవ్వి, తాళం మాట, అదే పాస్‌వర్డు, తన చొక్కా జేబులో చీటీ మీద రాయించుకున్నాడు. రాయగూడదు తాతా అని మళ్ళీ దానికొక పాఠం జరిగింది.

ఇప్పుడు దానమ్మ సంగతి. ఇది నా ముఖం మీద నేనే కొట్టుకునే సంగతి కాబట్టి ఇంతసేపూ వాయిదా వేశాను.

దానమ్మది పుంగనూరు పక్కన పల్లె. భర్త యేసోబు, ఇద్దరు ఆడపిల్లలు, టమాటా తోట. వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. చర్చిలో పెళ్ళయి బయటికి వచ్చాక, కూతురు అత్తగారింటికి బండి ఎక్కే ముందు, తల్లి ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవెన పాట పాడుతుంది. మూడు చరణాలు. దానమ్మ అవ్వ కట్టిన పాటట. పెద్ద కూతురు పెళ్ళికి దానమ్మ పాడింది, ఆ వీడియో నేనే తీశాను. కెమెరా వెనక నాకు కన్నీళ్ళు వచ్చాయి. పెళ్ళిళ్ళలో ఏడవడం నా వృత్తిలో ఉండకూడని గుణం.

మూడు డిస్కుల్లో ఆ పెళ్ళి ఇచ్చాను. కొన్నేళ్ళకు వాళ్ళ డీవీడీ ప్లేయరు చెడిపోతే, యేసోబు ఒక పెన్ డ్రైవు కొనుక్కుని వచ్చాడు. అసలు వీడియో నా కంప్యూటరులో ఉంది కాబట్టి నిమిషంలో ఎక్కించి, తెరిచి చూపించాను. పాట మోగింది. ముందు గదిలోంచి సిస్టరమ్మ వచ్చి, "ఈ పక్క దాంట్లో కూడా పెట్టి సూడప్పా" అంది. నాకు ముక్కు మీద కోపం. "ఈ పని నేను మీకంటే ముందు నుంచి చేస్తాండా సిస్టరమ్మా. మీ బెంచీ మీరు సూసుకోండి" అన్నాను. ఆమె తన బెంచీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ పాత డిస్కులు ఏం చేయాలన్నా అని యేసోబు అడిగితే, అవింక దేనికీ పనికిరావు పో అన్నాను. ఆ తర్వాత ఏడాదికి నా పాత కంప్యూటరు కుప్పంలో ఒక గ్రానైటు పాలిషింగు ఆయనకు ఇచ్చేసి కొత్తది కొన్నాను.

చాలా కాలం తర్వాత ఒక పొద్దున దానమ్మ వచ్చింది. మెడ చుట్టూ తుండుగుడ్డ ఉంది. గొంతులో గడ్డకు ఆపరేషను జరిగింది, ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పెదవులు కదులుతాయి గానీ మాట రాదు. వెంట చిన్న కూతురు రూతు ఉంది. తల్లి పెదవులు చూసి, ఆ మాట పైకి చెప్పడం రెండేళ్ళుగా ఆ పిల్ల పని.

"అమ్మ అంటాండాది... అక్క పెండ్లి పాట దీంట్లో ఉండాది కదా అని. నా పెండ్లికి అదే మైకులో పెట్టాలంట. అక్కకు పాడి, నాకు పాడకుండా ఎట్ల పంపిస్తాను అంటాండాది."

చేతిగుడ్డలో చుట్టి, బైబిలు పెట్టెలో ఇన్నాళ్ళు దాచిన పెన్ డ్రైవు అది. వాళ్ళ ఇంటి టీవీకి అది పెట్టే చోటు లేదు, కొత్త టీవీ కొన్నాక చూద్దామని అట్లాగే ఉంచారు. నేను దాన్ని పెట్టి తెరిచాను. ఒకే ఒక బొమ్మ ఉంది. దాని మూల చిన్న బాణం గుర్తు. నొక్కితే, మీరు అడిగినది దొరకలేదని వచ్చింది.

అప్పటికే నాకు తెలిసిపోయింది. ఆనాడు తొందరలో నేను ఎక్కించింది వీడియో కాదు, వీడియోకు దారి చూపే షార్ట్‌కట్టు. నా కంప్యూటరులో పెట్టినంతసేపూ అది పోయి వీడియోను తెరిచేది, అందుకే ఆనాడు పాట మోగింది. ఇంకో కంప్యూటరులో పెట్టి ఉంటే ఆ నిమిషంలోనే బయటపడేది. నేను ఇప్పుడే వస్తానని గొణిగి వెనక గదిలోకి పోయి కూర్చున్నాను.

సిస్టరమ్మ వెనకే వచ్చింది. అంతా చెప్పాను. పక్క దాంట్లో పెట్టి చూడమన్న మాట ఆమెకు గుర్తుంది, గుర్తుందని నాకు తెలుసు. ఆ మాట ఎత్తుతుందని ఎదురు చూశాను. ఎత్తలేదు. ఆ పొద్దే కాదు, చనిపోయే దాకా ఎత్తలేదు.

"ఆమె బయట కూర్చోనుండాది. పోయి సెప్పు."

"మీరు సెప్పండి సిస్టరమ్మా. మీరైతే మెల్లగా సెప్తారు."

"ఆపరేషను చేసినోడే పోయి ఇంటోళ్ళకు సెప్పల్ల. నర్సును పంపిస్తే ఎట్లప్పా?"

నా జీవితంలో నేను ఒక కస్టమరుకు దేన్నైనా కూర్చుని వివరించింది అదే మొదటిసారి. బెంచీ మీద దానమ్మ పక్కన కూర్చున్నాను. ఒక పాట తీసి, దానికి షార్ట్‌కట్టు చేసి, వేరే పెన్ డ్రైవులో వేశాను. ఆ కంప్యూటరులో తెరిస్తే మోగింది. పక్కదానిలో పెడితే మోగలేదు. సిస్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

"దీంట్లో పాట లేదక్కా. పాట యాడ ఉండాదో సెప్పే గుర్తు మాత్రం ఉండాది. పాట నా పాత కంప్యూటర్లో ఉండె. దాన్ని నేను ఇచ్చేసినా. ఆ పొద్దు సిస్టరమ్మ సరిగ్గా సూడమనింది, నేను వినలే. తప్పు నాది."

సిస్టరమ్మ ముందుకు వచ్చి, "దానమ్మా, ఇప్పుడు నువ్వు సెప్పు" అంది. గొంతు లేని మనిషిని పట్టుకుని అదేం మాటని నాకు ఒళ్ళు మండింది. దానమ్మ లేచి నిలబడింది. పెన్ డ్రైవును చూపించి, అరచెయ్యి తెరిచి ఖాళీగా చూపించింది. నా వెనక గదిని చూపించి, చెయ్యి దూరంగా ఊపింది. చివరికి నన్ను చూపించి, బుర్ర లేదన్నట్టు వేలితో తన నుదురు మీద రెండుసార్లు తట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. బెంచీ అంతా ఒక్కసారిగా నవ్వింది. సిస్టరమ్మ అయితే కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వింది. నాకు సిగ్గుతో పాటు ప్రాణం కూడా లేచి వచ్చింది.

నవ్వు ఆగాక దానమ్మ రూతు గడ్డం పట్టుకుని సిస్టరమ్మ వైపు చూసింది. పెదవులు కదిలాయి.

"పెండ్లి ఇంకా పన్నెండు దినాలు ఉండాది అంటాండాది" అంది రూతు.

మర్నాడే కుప్పం పోయాను. గ్రానైటు ఆయన ఆఫీసులో నా కంప్యూటరు ఉంది, దాని లోపల హార్డ్ డిస్కు మాత్రం నాది కాదు. పాతది చెడిపోతే ఎప్పుడో పారేశామన్నారు. వాడిన ముఖంతో తిరిగి వచ్చేసరికి షాపులో యేసోబు కూర్చుని ఉన్నాడు. డిస్కులైనా మిగిలాయా అని సిస్టరమ్మ ఆయన్ను అడుగుతోంది.

"పనికి రావని నువ్వే అంటివి కదప్పా" అన్నాడు నన్ను చూసి. "తోటలో కట్టేసినా. సిలకలు టమాటా కొరికేస్తాంటే, ఎండకు తళుక్కుమంటాయని."

నేను తల పట్టుకున్నాను. సిస్టరమ్మ కళ్ళు మాత్రం మెరిశాయి.

"దారం యాడ కట్టినావు యేసోబూ?"

"నడిమి బొక్కలో."

"మేకు కొట్టి కొత్త బొక్క పెట్టలేదు కదా?"

"లేదమ్మా. ఉండే బొక్క సాలు కదా."

ఆమె లేచి షట్టరు దించింది. ఆదివారం తప్ప పగటిపూట ఆ షట్టరు దిగడం వీధి చూడలేదు. పొద్దు వాలేలోగా ముగ్గురం పుంగనూరు దాటి యేసోబు తోటలో ఉన్నాం. టమాటా వరుసల పైన వైరు కట్టి, దానికి దారాలతో పదకొండు డిస్కులు వేలాడుతున్నాయి. ఊళ్ళో వాళ్ళు ఇచ్చినవి కూడా కలిపేశాడు, ఏది ఎవరిదో తెలియదు. నేను పేరు రాసిన సిరా ఎండకు ఎప్పుడో పోయింది. ఒక చిలక తీరికగా ఒక డిస్కు పక్కనే వైరు మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

"భయపడతాండాయా?" అని అడిగింది సిస్టరమ్మ.

"మొదట్లో భయపడినాయమ్మా. ఇప్పుడు ముఖం సూసుకోని పోతాండాయి."

సిస్టరమ్మ ఒక్కో దారం కత్తెరతో కత్తిరించి, ఒక్కో డిస్కును అంచులు పట్టుకుని తాను తెచ్చిన ఉతికిన చీరెలో వరుసగా పెట్టించింది. పన్నెండోది మోటారు షెడ్డు చూరు కింద నీడలో ఉంది. యేసోబు అది మరిచేపోయాడు. ఆమె దాన్ని వేరే కాగితంలో చుట్టి తన చేతిసంచిలో పెట్టుకుంది.

షాపుకు వచ్చి పనిలో పడ్డాం. స్టీలు ట్రే, నీళ్ళు, సబ్బు, దూది. నేను దూది తడిపి డిస్కు మీద గుండ్రంగా రుద్దుతున్నాను. చేతి మీద మళ్ళీ దెబ్బ పడింది.

"ఏందప్పా ఆ తిప్పుడు? పుండు కడిగినా నడిమి నుంచి బయటికే తుడుస్తారు. మెల్లగా."

అన్నీ కడిగి ఆరబెట్టాం. ఒక్కోటీ కంప్యూటరులో పెడుతూ వచ్చాను. ఎండకు మాడిన వాటిని అది గుర్తించనే లేదు. ఒకదానిలో ఏదో సినిమా ఫైటు వచ్చింది. ఇంకొకదానిలో ఒకాయన హైబ్రిడ్ విత్తనాల గురించి గంభీరంగా ఉపన్యాసం మొదలుపెట్టాడు. పదకొండూ అయిపోయాయి. చూరు కింది డిస్కు పెట్టాను. డ్రైవు గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. నేను తీయబోతే ఆమె ఆపింది. చివరికి చర్చి మెట్లు వచ్చాయి. దానమ్మ వచ్చింది. నోరు తెరిచి పాడింది.

సిస్టరమ్మ కుర్చీలో కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దేవా, ఉండాది" అని మాత్రం అంది. మొదటి చరణం వచ్చింది. రెండోది వచ్చింది. మూడో చరణం మొదలయ్యే చోట బొమ్మ గడ్డకట్టింది. ఆ తర్వాత ఎంత తంటాలు పడ్డా, నాకు తెలిసిన సాఫ్టువేర్లన్నీ వాడినా, ఒక్క ముక్క రాలేదు. దొరికినంత కాపీ చేసుకున్నాను.

మర్నాడు దానమ్మను, రూతును పిలిపించాం. సిస్టరమ్మ సంగతి దాచలేదు. "రెండు సరణాలు ఉండాయి. మూడోది లేదు. ఇంక రాదు. ఉండేది ఇను" అని చెప్పి, మీట దానమ్మ చేతే నొక్కించింది. రెండేళ్ళ తర్వాత దానమ్మ తన గొంతు విన్నది. చెయ్యి మెడ మీదికి పోయింది. కదలకుండా రెండు చరణాలూ విని, రూతు వైపు తిరిగి పెదవులు కదిపింది. ఏం చెప్పిందోనని మేమిద్దరం రూతు వైపు చూశాం.

"రెండో సరణం ఎత్తుకునే కాడ శ్రుతి తప్పిందంట" అంది రూతు. "ఇంకోసారి పెట్టమంటాండాది."

తొమ్మిది సార్లు పెట్టించుకుంది.

పెళ్ళి పుంగనూరు చర్చిలో. నేను కెమెరాతో, సిస్టరమ్మ పట్టుచీరెతో వెళ్ళాం. పట్టుచీరె మీద కూడా గడియారం పిన్ను ఉంది. ఆరాధన ముగిసి అందరూ మెట్ల దగ్గరికి వచ్చారు. బండి సిద్ధంగా ఉంది. దానమ్మ రూతు తల మీద చెయ్యి పెట్టింది. నేను కెమెరాను దానమ్మ ముఖం మీద నిలిపి, మైకులో పాట వదిలాను. ఆమె పాత గొంతు చర్చి ముంగిలి అంతా నిండింది. వంట దగ్గర ఉన్నవాళ్ళు గరిటెలు పట్టుకునే వచ్చి నిలబడ్డారు.

రెండో చరణం అయిపోయింది. పాట ఆగింది. ఆ వెలితి కనబడకుండా వేద్దామని నేనొక కీబోర్డు సంగీతం సిద్ధం చేసుకున్నాను, దాన్ని నొక్కబోయాను. సిస్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"గమ్మునుండు."

దానమ్మ చెయ్యి తీయలేదు. పెదవులు కదులుతున్నాయి. మూడో చరణం పాడుతోంది, శబ్దం లేదు. తల వంచుకుని ఉన్న రూతు మెల్లగా ముఖం ఎత్తి తల్లి పెదవుల వైపు చూసింది. రెండేళ్ళ అలవాటు, చూడగానే నోట మాట వచ్చేసింది. "నీ కుండలో బువ్వ తరగకుండా" అని మామూలుగా, తల్లి మాట మాకు చెబుతున్నట్టే చెప్పింది. తర్వాతి ముక్కకు గొంతు వణికింది. ఆ తర్వాతిది పాటైపోయింది. "నీ నోట నవ్వు మరవకుండా." ఆ పిల్ల ఎప్పుడూ పాడిన పిల్ల కాదు. శ్రుతి ఎక్కడా లేదు. దానమ్మ పెదవులు ముందు, రూతు గొంతు వెనక, చరణం చివరిదాకా ఇద్దరూ వెళ్ళారు. నేను మళ్ళీ కెమెరా వెనక ఏడ్చాను. ఈసారి దాచుకోలేదు.

బండి వెళ్ళిపోయాక భోజనాల పందిట్లో సిస్టరమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. దానమ్మను కూడా చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది.

"మూడో సరణం వచ్చిందాప్పా?" అని అడిగింది.

"వచ్చింది సిస్టరమ్మా. కెమెరాలో ఉండాది."

"ఉండాదని నాకు సెప్పొద్దు. తెరిచి సూపించు."

విస్తరి పక్కకు జరిపి కెమెరా తెరిచి పెట్టాను. ముగ్గురం ఆ చిన్న తెర మీదికి వంగాం. నేను దానమ్మ ముఖం మీదనే నిలిపి తీశాను కాబట్టి రూతు అందులో ఎక్కడా కనబడదు. దానమ్మ ఒక్కతే ఉంది. పెదవులు కదులుతున్నాయి, పాట వినబడుతోంది. సిస్టరమ్మ చెయ్యి దానమ్మ వీపు మీద ఉంది. ఇద్దరూ చూస్తున్నారు, తెర మీద దానమ్మ మూడో చరణం పాడుతోంది.